మా బుల్లి కెమెరా

చీటీ డబ్బులతో ఓ చిన్న డిజిటల్ కెమెరా కొనుక్కున్నానండీ. ఎండలో తీస్తే పెరట్లో మందారం రేకుల మీద గీతలు కూడా కనిపిస్తాయి. కానీ స్టేజీ మీద మా అమ్మాయి డాన్సు తీస్తే అంతా మసకే! లోపలి సెన్సర్ చిన్నది, వెలుగు చాలదు. ఫ్లాష్ అంతదూరం పోదు. డిజిటల్ జూమ్ అంటే బొమ్మని సాగదీయడమే. మీరు కొంటే మెగాపిక్సెల్స్ కాదు, ఆప్టికల్ జూమ్ ఎంతో అడగండి. మామూలు పెన్సిల్ సెల్స్ ఇట్టే అయిపోతాయి, ఛార్జింగువే మేలు.

అయినా నా ఓటు దీనికే. "రీలు దండగే" అంటూ అమ్మ ఎప్పుడూ ఫోటోకి నిలబడేది కాదు. "ఇందులో రీలే లేదమ్మా" అని, ఆవిడ పప్పు రుబ్బుతుంటే పది తీశా. తొమ్మిది కదిలిపోయాయి. పదోదాంట్లో అమ్మ నవ్వుతోంది. పెట్టిన డబ్బుకి నాకు ఆ ఒక్కటీ చాలు.