నీలిపొగ... నేరం టర్బోదేనా?

డిసెంబరు వచ్చిందంటే నర్సీపట్నం మీదుగా కార్లే కార్లు. తెల్లారేలోగా లంబసింగి చేరాలి, మంచు చూడాలి, వీలైతే చింతపల్లి దాకా వెళ్లి రావాలి. మైదానంలోని ఊరి నుంచి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎక్కించే ఘాట్‌ రోడ్డది. కారు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను, రెండో గేరు, మూడో గేరు! దిగి వచ్చి బంకు దగ్గర ఆపితే వెనక ఉన్నవాళ్లెవరో చెబుతారు... 'బాబూ, మీ బండి పొగ కక్కుతోందండీ' అని. అక్కణ్నుంచి షెడ్డుకు వెళితే తరచూ వినిపించే తీర్పు 'టర్బో పోయిందండి'. మేస్త్రి మరీ ధైర్యవంతుడైతే 'ఇంజిన్‌ బోరుకొచ్చింది' అనేస్తాడు. రెండింటిలో ఏదైనా ఇంటి బడ్జెట్టు తలకిందులవుతుంది.

ఆ తీర్పు నిజమే కావచ్చు. కానీ దానికి ముందు చూడాల్సిన చిన్న గొట్టం ఒకటుంది. బానెట్‌ ఎత్తితే ఎదురుగానే కనిపిస్తుంది. దాన్ని చూసేవాళ్లే తక్కువ.

ముందు పొగ రంగు సంగతి. లంబసింగి చలిలో పొద్దున్నే స్టార్ట్‌ చేసినప్పుడు తెల్లగా వచ్చి గాల్లో కలిసిపోయేది పొగే కాదు, నీటి ఆవిరి. ఇంజిన్‌ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా, తీయటి వాసనతో వస్తూ, కూలెంట్‌ తగ్గిపోతుంటే మాత్రం హెడ్‌ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. కళ్లు మండించే ఘాటు తెల్లపొగ అయితే డీజిల్‌ సరిగా మండటం లేదన్నమాట. నల్లపొగ అంటే ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ. ఏజెన్సీ రోడ్ల దుమ్ముకు ఎయిర్‌ ఫిల్టర్‌ మూసుకుపోయినా, టర్బో నుంచి ఇంజిన్‌కు గాలి మోసే హోస్‌ పైపు చిట్లినా నల్లపొగే. పైపు చిట్లితే ఎత్తు ఎక్కేటప్పుడు 'స్‌స్‌' మని చప్పుడొస్తుంది, బండి లాగదు.

ఇక నీలిపొగ. ఇంజిన్‌ ఆయిల్‌ మండుతోందని అర్థం. ఎప్పుడు వస్తోందన్నది గమనిస్తే సగం చిక్కు వీడుతుంది. పొద్దున స్టార్ట్‌ చేయగానే ఒక్క గుప్పెడు వచ్చి ఆగిపోతే వాల్వ్‌ సీల్స్‌ అరిగి ఉండొచ్చు. ఘాట్‌ ఎక్కుతున్నంతసేపూ వస్తే పిస్టన్‌ రింగుల మీద అనుమానం. రైల్వే గేటు దగ్గర ఇంజిన్‌ ఆపకుండా నిలబెట్టి, గేటు తీశాక యాక్సిలేటర్‌ తొక్కగానే ఒక్కసారిగా మబ్బులా వస్తే ఆయిల్‌ టర్బో దారిన కారుతోందని అనుకోవచ్చు. అయితే ఇవి ఒకదాంతో ఒకటి కలిసిపోయే లక్షణాలు. పొగ చూసే ఇంజిన్‌ విప్పేవాళ్లను నమ్మకూడదు.

టర్బో దారిన కారినంత మాత్రాన తప్పు టర్బోదేనా? అసలు కథ ఇక్కడే ఉంది.

పిస్టన్‌ రింగులు ఎంత బిగుతుగా ఉన్నా సిలిండర్‌లో మండిన వాయువు కొంత కిందికి, ఆయిల్‌ ఉండే చాంబర్‌లోకి జారుతుంది. కొత్త ఇంజిన్‌లోనూ అంతే. అది బయటికి పోవాలి కదా! పాత ఇంజిన్లలో ఒక గొట్టం రోడ్డు మీదికే తెరిచి ఉండేది. ఆ పొగ ఊరి గాలిని పాడుచేస్తోందని గుర్తించి, కాలిఫోర్నియాలో అమ్మే 1961 మోడల్‌ కార్లతో దాన్ని మళ్లీ ఇంజిన్‌లోకే పంపి కాల్చేసే పద్ధతి మొదలుపెట్టారు. ఇప్పుడు కార్లన్నింటిలోనూ ఇదే. టాపెట్‌ కవర్‌ మీద ఆయిల్‌ తుంపరను వేరుచేసే అర, అక్కణ్నుంచి టర్బోకు గాలి వెళ్లే పైపులోకి ఒక బ్రీదర్‌ గొట్టం ఉంటాయి. ఏళ్ల తరబడి ఆయిల్‌ మార్చకపోతే, ఎప్పుడూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పి ఆపేస్తుంటే ఈ దారిలో జిగురు పేరుకుంటుంది.

టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని కాపాడేది ఇంజిన్‌ నుంచి వచ్చే ఆయిలే. పని ముగించుకున్న ఆ ఆయిల్‌ తన బరువుతో తానే కింది చాంబర్‌లోకి జారాలి. సీసా మూతికి గరాటు బిగుతుగా పట్టి నూనె పోస్తే ఏమవుతుంది? లోపలి గాలికి దారిలేక నూనె గరాటులోనే నిలిచిపోతుంది. బ్రీదర్‌ మూసుకుపోయిన ఇంజిన్‌లోనూ అంతే. చాంబర్‌లో ఒత్తిడి పెరిగి టర్బో ఆయిల్‌ దిగదు. సీల్స్‌ సందుల్లోంచి అటు సైలెన్సర్‌ వైపో, ఇటు ఇంజిన్‌కు వెళ్లే గాలిలోకో కారుతుంది. అదే నీలిపొగ! కొత్త టర్బో బిగించినా కొన్నాళ్లకు మళ్లీ అదే పొగ రావడం వెనక రహస్యం చాలాసార్లు ఇదే.

పరీక్ష సులువే. మొదట డిప్‌స్టిక్‌ తీసి చూడాలి. ఆయిల్‌ పై గీత దాటి ఉంటే ఆ ఎక్కువే బ్రీదర్‌ దారిన పోతుండొచ్చు, తీయించేస్తే చాలు. తర్వాత ఇంజిన్‌ నిదానంగా నడుస్తుండగా ఆయిల్‌ పోసే మూతను వదులు చేసి, తీయకుండా దాని మీదే ఉంచాలి. కాస్త కదిలితే ఫర్వాలేదు. గెంతుతూ, గుప్పుగుప్పున పొగ తోస్తుంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే. వేడి ఆయిల్‌ చిమ్మొచ్చు, ముఖం దగ్గర పెట్టకూడదు. పెట్రోలు టర్బో కార్లలో మూత కాస్త లోపలికి లాగినట్టుండటం మామూలే. గట్టిగా పట్టేసి, ఈల వినిపిస్తే వాల్వ్‌లోని రబ్బరు పొర చిరిగిందన్నమాట.

శుభ్రం చేయడం ఇంజిన్‌ పూర్తిగా చల్లారాకే. క్లిప్పులు విప్పి గొట్టం తీసి, కార్బ్యురేటర్‌ క్లీనర్‌తోనో కిరోసిన్‌తోనో కడిగి, లోపల చుక్క లేకుండా ఆరబెట్టాలి. పెట్రోలు వాడొద్దు. రబ్బరు పొర ఉన్న వాల్వ్‌ను మందులతో కడిగితే పొర ఉబ్బి పాడవుతుంది. దాన్ని మార్చుకోవడమే మేలు. ఆయిల్‌ను వేరుచేసే అర, టర్బో నుంచి ఆయిల్‌ దిగే పైపు కూడా చూడమని మేస్త్రిని అడగాలి. గొట్టంలో మీగడలాంటి పదార్థం కనిపిస్తే చలికాలంలో చేరిన తేమ కావచ్చు, కూలెంట్‌ కావచ్చు. కూలెంట్‌ మట్టం చూసి తేల్చుకోవాలి.

అన్నీ కడిగాక కూడా మూత గెంతుతుంటే అప్పుడు రింగుల వంతు. కంప్రెషన్‌ కొలిపించాకే ఇంజిన్‌ విప్పనివ్వాలి. టర్బోను అనుమానిస్తే గాలి పైపు తీసి, ఆగి ఉన్న ఇరుసును వేళ్లతో కదిపి చూపించమనాలి. పక్కలకు కాస్త ఆట సహజం. ముందుకూ వెనక్కూ కదిలినా, రెక్కలు గోడకు రాసుకున్నా నిజంగానే టర్బో పోయినట్టు.

డీజిల్‌ కారులో నీలిపొగను నెలల తరబడి వదిలేస్తే ఖర్చు కంటే పెద్ద ముప్పుంది. గాలితో పాటు వచ్చే ఆయిలే ఇంధనమై ఇంజిన్‌ దానంతటదే రేగిపోతుంది. తాళం తీసినా ఆగదు! గేర్ల బండి అయితే ఆపి, బ్రేకు గట్టిగా తొక్కి, అన్నింటికన్నా పెద్ద గేరు వేసి క్లచ్‌ వదిలేస్తే ఇంజిన్‌ ఆగుతుంది. ఆటోమేటిక్‌ అయితే పిల్లాపాపలతో దిగి దూరంగా వెళ్లడమే. గాలి పైపును చేత్తో మూయబోతే చెయ్యే పోతుంది.

మరమ్మతు అయ్యాక పొగ వెంటనే ఆగకపోతే కంగారు పడనక్కర్లేదు. ఇంటర్‌కూలర్‌లోనూ సైలెన్సర్‌లోనూ నిలిచిన ఆయిల్‌ మండిపోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఇంటర్‌కూలర్‌ విప్పి ఆయిల్‌ ఒంపించేస్తే ఇంకా మంచిది. ఆ తర్వాత వెయ్యి కిలోమీటర్ల దాకా వారానికోసారి, సమతలం మీద బండి ఆపి, పొద్దున్నే డిప్‌స్టిక్‌ తీసి ఆయిల్‌ మట్టం ఎక్కడుందో రాసిపెట్టుకోవాలి.