నారు పసుపెక్కిందా? జీవామృతం కంటే ముందు చలి సంగతి చూడండి



యాసంగి నారుమళ్ల కాలం వచ్చింది. డిసెంబర్, జనవరి చలికి నారు పసుపెక్కి, ఎదగకుండా నిలబడిపోతుంది. పక్క పొలమాయన యూరియా చల్లుతాడు. మనవాళ్లు జీవామృతం మీద జీవామృతం పోస్తారు. రెండు చోట్లా నారు తేరుకోదు. "ప్రకృతి సేద్యం మన దగ్గర నడవదు" అని కొత్త రైతు అక్కడే వెనక్కి తిరుగుతాడు. నా మాట సూటిగా చెప్తాను: చాలా మళ్లలో కొరత తిండిది కాదు, వెచ్చదనానిది.

ఎట్లా అంటే, ఆకులో ఎండను పట్టే పత్రహరితం థైలకాయిడ్ అనే పల్చటి పొరల్లో ఉంటుంది. ఆ పొరకు ఆధారం కొవ్వులు. అందులో దాదాపు సగం ఒకే రకం కొవ్వు. దానిలో నత్రజని లేదు, భాస్వరం లేదు. ఉన్నది కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజనే.

చలికాలంలో నెయ్యి పేరుకుంటుంది, పల్లీ నూనె పారుతూ ఉంటుంది కదా. పొర కూడా అంతే. అందులో నెయ్యి తరహా కొవ్వు ఎక్కువైతే చలికి బిగుసుకుంటుంది. ఎండ తగిలినప్పుడల్లా ఆకులో డీ1 అనే ప్రోటీన్ దెబ్బతింటుంది. మొక్క దాన్ని తీసేసి కొత్తది పెట్టుకుంటుంది. పొర బిగుసుకుంటే ఈ రిపేరు నెమ్మదిస్తుంది. అప్పుడు రాత్రి చలి, పొద్దున ఎండ కలిస్తే, అన్నం పెట్టాల్సిన వెలుగే ఆకును కాలుస్తుంది.

ఇది ఊహ కాదు. 1992లో జపాన్ శాస్త్రవేత్త నోరియో మురాటా బృందం పొగాకు మొక్కల్లో ఒక్క పొర కొవ్వు తీరు మార్చి చూపించింది. గుమ్మడి జాతి జన్యువు పెట్టిన మొక్కలు చలికి ఎక్కువ దెబ్బతిన్నాయి. ఆవాల కుటుంబపు మొక్క జన్యువు పెట్టినవి తట్టుకున్నాయి.

జన్యువులు మార్చడం మన పని కాదు. విత్తనం ఎంచుకోవడం మాత్రం మన పనే. తెల్లహంస లాంటి చలిని ఓర్చుకునే రకం చూసుకోండి. చలి ముదరకముందే నారు పోయండి. సాయంత్రం కర్రల మీద పట్టా కప్పి, పొద్దున తీసేయండి. రాత్రంతా నిలిచిన చల్లటి నీళ్లు పొద్దున్నే తీసేసి, కొత్తగా బోరు నీళ్లు పెట్టండి. పట్టా ఎట్లా కప్పాలో పై వీడియోలో ఉంది. ముదురు ఆకుల మీద తుప్పు మచ్చలుంటే మాత్రం జింకు లోపం కూడా చూసుకోవాలి.

జీవామృతం వద్దని నేను అనడం లేదు. చలికి అందులోని సూక్ష్మజీవుల పని కూడా మందగిస్తుంది. మడి వెచ్చబడ్డాక పోస్తే దాని ఫలితం కనిపిస్తుంది. ప్రతి పసుపు ఆకుకూ ఒకటే మందు అనుకోవడం యూరియా నేర్పిన అలవాటు. డబ్బా మార్చి అదే అలవాటు కొనసాగిస్తే మనకూ వాళ్లకూ తేడా ఏముంది?