"అక్కను తీసేస్తే తగ్గుతుంది సార్"

మనిషి బరువు చూసి ఆరోగ్య బీమా ప్రీమియం పెంచడం అన్యాయం. కంపెనీలు దీన్ని "లోడింగ్" అంటాయి, లారీకి సరుకెత్తినట్టు! నా ఎత్తు ఐదడుగులు, బరువు 72 కిలోలు. బీఎంఐ 31. ఇంట్లో నలుగురికీ కలిపి పాలసీ తీసుకుందామంటే నా ఒక్కదానివల్ల ప్రీమియం పెరుగుతుందట. దానికి ఏజెంటు మా ఆయనకు చెప్పిన ఉపాయం: "అక్కను తీసేస్తే తగ్గుతుంది సార్."

ఈ మాట మీదే నా గొడవంతా. మా కదిరిలో చిన్న షాపులు నడుపుకునే ఇళ్లల్లో డబ్బు లెక్క చూసేది ఎక్కువగా మగవాళ్లే. ఎవరి పేరు కొట్టేస్తే ఖర్చు తగ్గుతుందో ఆ పేరే ముందు పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా అధిక బరువున్నవాళ్లే. కాన్పులు, థైరాయిడ్, పీసీఓడీ, పిల్లలు వదిలేసిన అన్నం పారేయలేక తినడం... ఇవన్నీ ఏ ఫారంలో రాస్తాం?

పోనీ ఆ కొలతైనా సరైనదా? బీఎంఐ లెక్క 1830ల్లో బెల్జియం గణితవేత్త కెట్లే కట్టింది, అదీ జనం సగటు తెలుసుకోవడానికి. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోలే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. మనవాళ్ల సంగతి అంతే, చేతులూ కాళ్లూ పుల్లల్లా ఉంటాయి, పొట్ట మాత్రం ముందుకొస్తుంది. మా ఆయనా ఆ బాపతే. ఆయనకు లోడింగ్ లేదు. ఆ ఫారంలో నడుము చుట్టుకొలత అడిగే గడే లేదు మరి.

"బీడీ తాగేవాళ్లకు ఎక్కువ వేయరా?" అని మా మరిది వాదన. బీడీ పారేస్తే పోతుంది, ఒళ్లు అలా పారేయగలమా? అమెరికాలో 2010 నాటి చట్టం ప్రకారం సొంతంగా కొనుక్కునే పాలసీకి పొగాకు వాడేవాళ్ల దగ్గర ఒకటిన్నర రెట్ల దాకా తీసుకోవచ్చు, బరువు చూసి మాత్రం పెంచకూడదు. ఆఫీసుల పాలసీల్లో వేరే మెలికలున్నాయనుకోండి. మన దగ్గరా 2007లో ఆరోగ్యశ్రీ పెట్టినప్పుడు తెల్లకార్డు చూశారు గానీ ఎవర్నీ కాటా ఎక్కమనలేదు.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది ఇంకోటి. పాలసీ కాగితాల వెనక చిన్న అక్షరాలు చదవండి. బరువు తగ్గించే ఆపరేషన్‌కు డబ్బివ్వాలంటే బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి అదుపులేని షుగరో గుండెజబ్బో తోడవ్వాలి. అంటే 31కే నా దగ్గర ఎక్కువ తీసుకుంటారు, ఆ బరువు తగ్గించుకోవడానికి మాత్రం పైసా ఇవ్వరు. 40 కావాలంటే నేనింకా 21 కిలోలు పెరగాలి!

ఎక్కువ తీసుకున్న డబ్బుతో ఏడాదికో షుగరు పరీక్ష చేయించండి, డైటీషియన్ ఫీజు కట్టండి, అప్పుడు వింటాం. అలా కాకుండా రోజూ ఇన్ని అడుగులు నడిస్తే రాయితీ అని ఫోన్‌లో యాప్ పెట్టుకోమంటున్నారు. పొద్దున ఐదింటికి నీళ్లు పట్టడం మొదలు రాత్రి సంగటి కెలికేదాకా ఇంట్లో నేను తిరిగే తిరుగుడుకు లెక్కలేదు. ఫోనేమో వంటింటి గూట్లో చార్జింగ్‌కు పెట్టి ఉంటుంది.