నీళ్లు అందకముందే కన్నుమూసినవారు

ప్రసూతి వార్డుకు వచ్చే ప్రతి కొత్త నర్సుకూ ఒక మాట తప్పక చెబుతాను. పుట్టిన బిడ్డ దక్కడం కష్టమై, తల్లిదండ్రులు జ్ఞానస్నానం కోరితే ఫాదర్‌గారి కోసం ఆగవద్దు. తలపై మూడుసార్లు నీళ్లు పోస్తూ పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున మీరే ఇవ్వండి. శ్రీసభ ఉద్దేశంతో చేస్తే, ఇచ్చేవారు క్రైస్తవులే కానక్కరలేదు.

మరి ఆ కాస్త వ్యవధి కూడా దొరకని బిడ్డల మాటేమిటి? "సిస్టరమ్మా, నా బిడ్డకు నీళ్లు పడలేదు. మోక్షం లేదా?" అని అడిగే తల్లికి ఏం చెప్పాలి?

మన కంభం చెరువును నింపే గుండ్లకమ్మలోనే, ఒంగోలు దగ్గరి వెల్లంపల్లి వద్ద, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూటి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువులో సుమారు 15 నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ ఎదురుచూపులోనే ప్రాణం విడిచినవారు ఉండరా? వారి విశ్వాసం ఏటిగట్టు మీదే ఆగిపోయిందా?

లేదంటుంది కతోలిక బోధ. పశ్చాత్తాపంతో, ప్రేమతో జ్ఞానస్నానం కోరుతూ మరణించినవారికి ఆ కోరికే రక్షణ. సువార్త ఎరుగకపోయినా సత్యాన్ని వెదకుతూ, తెలిసినంతలో దేవుని చిత్తం నెరవేర్చినవారికీ రక్షణ సాధ్యమే. తెలిసి ఉంటే వారూ జ్ఞానస్నానం కోరేవారే. వారిలో దాగి ఉన్న ఆ విశ్వాసాన్ని దేవుడు ఎరుగును. 1964లో రెండవ వాటికన్ మహాసభ కూడా ఇటువంటివారికి తలుపు మూయలేదు.

పసిబిడ్డకు కోరడం తెలియదు. అందుకే శ్రీసభ ఆ బిడ్డను దేవుని కరుణకు అప్పగిస్తుంది. ఆశించడానికి బలమైన కారణాలున్నాయని 2007లో అంతర్జాతీయ వేదాంత సంఘం తెలిపింది. రక్షణను జ్ఞానస్నానంతో ముడివేసిన దేవుడు తాను మాత్రం ఆ ముడికి బందీ కాడు.

కాబట్టి నా మనవులు రెండు. దేవుడే చూసుకుంటాడని నీళ్ల గిన్నె పక్కన పెట్టి అలక్ష్యం చేయవద్దు. అలాగే ఇతర మతస్థుల బిడ్డకు తెరచాటున నీళ్లు పోయవద్దు. ప్రాణాపాయవేళ శ్రీసభ చట్టంలో అందుకు వెసులుబాటు ఉన్నమాట నిజమే. అయినా మనల్ని నమ్మి బిడ్డను చేతికిచ్చిన తల్లికి తెలియకుండా చేసే పని నాకు సేవగా తోచదు.

ఆ తల్లి అడిగితే చేయి పట్టుకుని, "నీ బిడ్డ దేవుని చేతుల్లో ఉందమ్మా" అనండి. అది ఓదార్పు కోసం ఆడే అబద్ధం కాదు, మన నిరీక్షణ.