బయానా నోట్లు ముట్టుకోకముందే ఆగండి

నారాయణఖేడ్‌లోనో, చుట్టుపక్కల ఊళ్లలోనో పాత ఇల్లు అమ్మే ఆలోచనలో ఉన్నవారికి ఇది హెచ్చరిక. "సున్నం కూడా వేయించొద్దు, ఉన్నది ఉన్నట్టే తీసుకుంటాం. మొత్తం నగదే. ఇవాళ బయానా, నెలలో లెక్క చుక్తా" అంటూ ఎవరైనా మీ గడప తొక్కితే ఆ నోట్లు తీసుకోకండి, కాగితం మీద సంతకం పెట్టకండి. నగదు బేరంలో చట్టం ముందుగా పట్టుకునేది ఇచ్చినవాణ్ని కాదు, పుచ్చుకున్నవాణ్ని.

ఈ సంగతి చాలామందికి తెలియదు. స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి రూ.20 వేలు, అంతకు మించిన సొమ్మును నగదుగా తీసుకోకూడదన్న నిబంధన 2015 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. బయానాకూ ఇదే వర్తిస్తుంది. తర్వాత అమ్మకం జరిగినా జరగకపోయినా తేడా లేదు. ఉల్లంఘిస్తే ఎంత తీసుకున్నారో అంత జరిమానా పడవచ్చు. అంటే రూ.5 లక్షలు నగదుగా తీసుకున్న పెద్దమనిషికి రూ.5 లక్షల జరిమానా పొంచి ఉన్నట్టే. బేరం చెడి ఆ బయానాను నగదుగానే తిరిగి ఇచ్చేస్తే అదీ తప్పే, దానికీ జరిమానా ఉంది. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం మాత్రమే ఉండి, ఇద్దరూ పన్ను పరిధిలోకి రాకపోతేనే మినహాయింపు. మీరు రైతే కావచ్చు, ఇళ్లు కొని అమ్మే వ్యాపారి రైతు కాడు కదా!

ఇదంతా పట్టించుకునేదెవరు అనుకునే రోజులు పోయాయి. బెంగళూరులోని ఒక విద్యాసంస్థ స్థలంపై, రూ.75 లక్షలు నగదుగా ముట్టజెప్పామంటూ నడిచిన దావాలో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 16న తీర్పు ఇచ్చింది. రూ.2 లక్షలు, ఆపైన నగదు చేతులు మారిందని ఏ దావాలో కనిపించినా కోర్టు ఆదాయపు పన్ను శాఖకు తెలపాలనీ, రిజిస్ట్రేషన్‌కు వచ్చిన దస్తావేజులో కనిపిస్తే సబ్ రిజిస్ట్రార్ తెలపాలనీ ఆదేశించింది. రేపు మీ బేరం కోర్టుకెక్కితే మీ చేతికి వచ్చిన నగదు లెక్క నేరుగా పన్ను అధికారుల బల్ల మీదికి చేరుతుంది.

ఇప్పుడే ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, ఈ ప్రాంతంలో భూమి మీద కన్ను పెరిగింది. సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు వెళ్లే 161వ జాతీయ రహదారి మన సమీపం నుంచే సాగుతోంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడుల, తయారీ మండలికి భూసేకరణ ఏళ్లుగా నడిచింది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. మరోపక్క చెరకు కోతకో, హైదరాబాద్ పనులకో వలస పోయిన కుటుంబాల ఇళ్లు తాళాలతో ఉన్నాయి. ధర పెరిగే జాగా, అవసరంలో ఉన్న యజమాని ఒకేచోట దొరికితే తొందర పెట్టేవాడికి అంతకంటే ఏం కావాలి?

తొందరలో మొదట పోయేది ధర. 'ఉన్నది ఉన్నట్టు' అనగానే ఇంటి విలువ సున్నా అనీ, జాగాకే డబ్బు అనీ లెక్క కట్టేస్తారు. పాత మిద్దెలో టేకు దూలాలు, దర్వాజాలు, స్తంభాలు ఉంటే పాత కలప వ్యాపారులు వాటికి విడిగా ధర కడతారు. ఆ సొమ్ము మీకు రావాలి, ఇల్లు కూల్చేవాడికి కాదు. "మీకు కాగితాల్లేవు, గ్రామకంఠం ఇల్లు, ఇంతకంటే ఎవరిస్తారు?" అన్నది ఇంకో ఎత్తు. ఇంటి నంబరు, పన్ను రసీదులు, పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చే యాజమాన్య పత్రం ముందే సమకూర్చుకుంటే ఆ మాటకు బలముండదు.

రెండోది సంతకం. ఇల్లు రిజిస్టర్డ్ దస్తావేజుతోనే చేతులు మారుతుంది. జీపీఏ (సాధారణ అధికార పత్రం), అగ్రిమెంటు, వీలునామాలతో యాజమాన్యం మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాగని అగ్రిమెంటును తేలిగ్గా తీసుకోవద్దు. దాన్ని పట్టుకుని అమ్మకం జరిపించమని దావా వేయడానికి కొనుగోలుదారుకు మూడేళ్ల గడువుంది. ఇలాంటి దావాలకు సంబంధించిన చట్టాన్ని 2018లో సవరించాక వాటిలో అతని చేయి మరింత బలపడింది. చిన్న బయానాతో మీ ఇంటిని మూడేళ్లు కట్టిపడేసి, ఈలోగా ఎక్కువ ధరకు మరొకరిని వెతుక్కోవచ్చన్నమాట. అగ్రిమెంటుకు జీపీఏ జోడించి రాయించుకుంటే మీరు మనసు మార్చుకున్నా దాన్ని రద్దు చేయడం అంత సులువు కాదు. వ్యవసాయ భూముల్లో సాదా బైనామాల (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకాల) చిక్కు ఎంత పెద్దదో తెలంగాణకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2020లో క్రమబద్ధీకరణ కోసం వచ్చిన దరఖాస్తులే సుమారు 9 లక్షలు.

మూడోది ఆడబిడ్డల వాటా. హిందూ కుటుంబాల్లో తాతల నాటి ఇంట్లో కూతుళ్లకూ హక్కుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 1986లో దీనికి చట్టం వచ్చింది, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ దాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. "చెల్లెళ్ల సంతకాలు మేం చూసుకుంటాం" అని కొనేవాడు అంటే నమ్మొద్దు. ఏ వివాదం వచ్చినా అమ్మినవారే బాధ్యులన్న వాక్యం మీ దస్తావేజులోనే రాసి ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు అమ్మినా, హక్కులో ఉన్న లోపం దాస్తే బాధ్యత మీదే.

ఈ వ్యాపారం మన దగ్గరే పుట్టింది కాదు. అమెరికాలో "అందవికారమైన ఇళ్లు కొంటాం" అన్న ప్రకటనలతో పేరుపడ్డ హోమ్‌వెస్టర్స్ సంస్థ ఫ్రాంచైజీలు వృద్ధులను, కష్టాల్లో ఉన్నవారిని ఎలా వెతికి పట్టుకున్నాయో 2023లో ప్రోపబ్లికా పరిశోధన బయటపెట్టింది. అక్కడా ఇక్కడా పెట్టుబడి ఒకటే, అమ్మేవారి అవసరం.

ఆసుపత్రి ఖర్చో, పెళ్లో నెత్తిన ఉన్నప్పుడు ఆగమంటే ఎలా అంటారా? అమ్మండి, కానీ ఇలా అమ్మండి. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో ప్రభుత్వ విలువ, ఈసీ (ఆస్తిపై ఉన్న భారాల ధ్రువపత్రం) చూసుకోండి. పక్క వీధి అమ్మకాలు విచారించి, కనీసం ముగ్గురి దగ్గర ధర అడగండి. బయానా బ్యాంకు ఖాతాలోకే వేయించుకోండి. అగ్రిమెంటు తప్పనిసరైతే గడువు తేదీ, గడువు దాటితే రద్దయ్యే షరతు రాయించండి. మొత్తం సొమ్ము డీడీ రూపంలోనో, ఖాతాలోనో పడ్డాకే దస్తావేజుపై సంతకం చేయండి. ఎందుకంటే అందులో 'సొమ్ము పూర్తిగా ముట్టినది' అని ఉంటుంది. ప్రభుత్వం ఇచ్చిన ఇంటి జాగా అయితే తహసీల్దార్ కార్యాలయంలో అడగకుండా అడుగు వేయొద్దు.

పన్ను భయంతో ధర తక్కువ చూపించాల్సిన పని కూడా చాలామందికి లేదు. వచ్చిన లాభంతో రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా మినహాయింపు ఉంది. తక్కువ చూపించినా, ఆ ధరకూ ప్రభుత్వ విలువకూ తేడా ఎక్కువుంటే పన్ను శాఖ ప్రభుత్వ విలువనే లెక్కలోకి తీసుకుంటుంది. నల్ల నగదు వల్ల లాభం కొనేవాడికి, చిక్కులు మీకు.

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో రూ.20 వేల నిబంధనను పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెట్టించడం అధికారులకు ఒక్క రోజు పని. అది వెంటనే జరగాలి. సందేహమున్నవారు న్యాయసేవల సహాయ నంబరు 15100కు ఫోన్ చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఖాతాలో డబ్బు వేయడానికి వెనకాడేవాడు మీ ఇంటికి తగిన కొనుగోలుదారు కాడు. అతన్ని గడప దగ్గరి నుంచే పంపించేయండి.