వేలు పెడితే చాలు... ఒక్కోసారి చాలదు!

బడంగ్‌పేట్‌లో ఓ ఇల్లు. పొద్దున్నే నిద్ర లేచిన మనవడు దిండు పక్కనున్న ఫోన్ అందుకుని బొటనవేలు అలా తాకించాడు. రెప్పపాటులో తెర తెరుచుకుంది. అదే ఇంట్లోంచి అదే పూట నానమ్మ సంచీ పట్టుకుని రేషన్ దుకాణానికి బయల్దేరింది. వరసలో నిలబడింది. తన వంతు రాగానే యంత్రం మీద వేలు పెట్టింది. ఎర్ర లైటు. మరో వేలు పెట్టింది. మళ్లీ ఎర్ర లైటే.

''అవ్వా... జర గట్టిగ ఒత్తు!''

''ఒత్తుతనే ఉన్న గద బిడ్డా!''

చీర కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఊహూఁ... ఎదురుగా బియ్యం బస్తాలున్నాయి. కార్డులో పేరుంది. మనిషి కళ్లెదుటే ఉంది. లేనిదల్లా వేలి మీద గీతే!

ఇది ఏ ఒక్క ఇంటి ముచ్చటో కాదు. కూలి పనులు చేసిన చేతులున్న ప్రతి బస్తీలో, ప్రతి పల్లెలో ఎప్పుడో ఒకప్పుడు కనిపించే దృశ్యమే. మనవడి వేలిని చిటికెలో గుర్తుపట్టిన విద్యే నానమ్మ వేలి దగ్గర ఎందుకు తడబడుతోంది? తెలియాలంటే ఆ అద్దంముక్క కింద ఏం జరుగుతుందో చూడాలి.

నిశానీ నుంచి పాస్‌వర్డ్ దాకా

ఒకప్పుడు వేలిముద్ర అంటే చదువురానివాళ్ల సంతకం. దస్తావేజు కింద సిరా పూసిన బొటనవేలు నొక్కాల్సి వస్తే సిగ్గుపడి తలదించుకునేవారు. 'వేలిముద్రగాడు' అన్నది తిట్టు కిందే లెక్క. ఇప్పుడో! సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఆఫీసులోకి వెళ్లాలన్నా వేలే, లక్షల ఖరీదు చేసే ఫోన్ తెరవాలన్నా వేలే.

ఈ విద్యకు పుట్టిల్లు మన దేశమే అన్నా తప్పులేదు. 1858లో బెంగాల్‌లో పనిచేస్తున్న విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి ఓ కాంట్రాక్టరుతో ఒప్పందపత్రం మీద చేతిముద్ర వేయించుకున్నాడు. 'ఆ సంతకం నాది కాదు' అని రేపెవరూ మాట మార్చకుండా అన్నమాట. ఆ తర్వాత 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. వేల ముద్రల్లోంచి కావాల్సినదాన్ని తేలిగ్గా వెతికే వర్గీకరణ పద్ధతి తయారుచేయడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు ఉద్యోగుల కృషి ఎంతో ఉంది. కానీ, ఆ పద్ధతి ప్రపంచమంతా వాళ్ల పై అధికారి హెన్రీ పేరుతోనే స్థిరపడింది!

వేలిగీతలు మనం అమ్మ కడుపులో ఉన్నప్పుడే ఏర్పడతాయి. ఒకే పోలికతో ఉండే కవలలకైనా గీతలు వేరువేరుగానే ఉంటాయి. అయిదు వేళ్లూ ఒక్కలా ఉండవన్న సామెతను యంత్రాలు అక్షరాలా వాడుకుంటున్నాయి.

వెలుగు, విద్యుత్తు, శబ్దం

వేలిముద్రను చదివే సెన్సర్లు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది వెలుగుతో పనిచేసేది. రేషన్ దుకాణంలో, మీసేవలో, బ్యాంకు మిత్ర చేతిలో ఎక్కువగా కనిపించేది ఇదే. గాజు మీద వేలు పెట్టగానే కింద నుంచి చిన్న లైటు వెలుగుతుంది. వేలి మీది గట్లు గాజుకు తగులుతాయి, గట్ల మధ్యనున్న గాళ్లు తగలవు. వెలుగు తిరిగొచ్చే తీరులో ఆ తేడాను లోపలి కెమెరా ఫొటో తీస్తుంది.

రెండోది విద్యుత్తుతో పనిచేసేది. ఫోన్ పక్క బటన్‌లో ఉండేది చాలావరకు ఇదే. కంటికి కనిపించనంత చిన్న పలకలు వేల సంఖ్యలో వరసలుగా ఉంటాయి. గట్టు తగిలినచోట విద్యుదావేశం ఒకలా, గాడి ఉన్నచోట ఇంకోలా మారుతుంది. ఆ తేడాలన్నీ కలిపితే బొమ్మ సిద్ధం. 2013లో ఐఫోన్ 5ఎస్ వచ్చాక ఇది ఇంటింటి మాటైంది.

మూడోది శబ్దంతో పనిచేసేది. మన చెవికి వినిపించని శబ్దతరంగాలను వేలి మీదికి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి గీతల బొమ్మ గీస్తుంది. గర్భిణులకు తీసే స్కానింగ్‌లో ఉన్న సూత్రమే ఇది. 2019లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్10 ఫోన్ తెర కింద ఉన్నది ఈ రకమే.

బొమ్మ ఎలా తీసినా తర్వాతి కథ దాదాపు ఒకటే. గీత ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది... ఇలాంటి గుర్తులను యంత్రం లెక్కకడుతుంది. ముందే దాచుకున్న గుర్తులతో పోల్చి మార్కులేస్తుంది. పాస్ మార్కులొస్తే పచ్చలైటు, లేదంటే ఎర్రలైటు. అంటే యంత్రం 'ఈమె ఆమే' అని ఎప్పుడూ చెప్పదు. 'ఆమే కావచ్చు' అనే చెబుతుంది. పాస్ మార్కులు తగ్గిస్తే దొంగలు లోపలికొస్తారు. పెంచితే అసలు మనిషి బయట నిలబడిపోతుంది!

మనవడికి మూడు వరాలు

ఇప్పుడు మన ఇంటికొద్దాం. ఫోన్ దగ్గర మనవడికి మూడు సౌకర్యాలున్నాయి. ఒకటి, లేత వేలు. గీతలు స్పష్టంగా ఉంటాయి. రెండు, ఫోన్‌లో దాచిన ముద్ర ఈమధ్య తీసుకున్నది. పైగా చాలా ఫోన్లు వాడేకొద్దీ ఆ వేలిని ఇంకాస్త బాగా నేర్చుకుంటాయి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. వేలు పనిచేయకపోతే ఫోన్ కోప్పడదు. 'సరే, పిన్ కొట్టు' అంటుంది. అంటే రెండో తలుపు తెరిచే ఉంటుంది.

నానమ్మ సంగతి వేరు. ఏళ్లతరబడి ఇటుకలు మోసి, సిమెంటు కలిపి, బట్టలుతికి, అంట్లు తోమిన చేతులవి. గట్లు అరిగిపోయాయి. వయసుతోపాటు చర్మం పొడిబారింది, ముడతలు పడింది. యంత్రం పోల్చేదేమో ఎప్పుడో ఆధార్ కేంద్రంలో ఇచ్చిన ముద్రతో. మన దేశంలో ఆధార్ మొదలైంది 2010 సెప్టెంబరు 29న, మహారాష్ట్రలోని టెంభ్లీ గ్రామంలో. ఆ తొలి సంవత్సరాల్లో ముద్రలిచ్చి మళ్లీ నవీకరించుకోని పెద్దవాళ్లు ఎందరో. దానికితోడు గాజు మీద దుమ్ము, నెట్ సిగ్నల్ ఇబ్బందులు సరేసరి. ఇన్ని అడ్డంకులు దాటితేగానీ పచ్చలైటు వెలగదు.

మరి రెండో తలుపు? ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పేవాళ్లే తక్కువ.

ఆ తలుపు ఎక్కడుందంటే...

వేలు పడలేదన్న ఒక్క కారణంతో అర్హులకు రేషన్ నిరాకరించరాదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు స్పష్టంగా రాసింది. కార్డులో పేరున్న కుటుంబసభ్యుల్లో ఎవరు వేలిచ్చినా సరుకులు తీసుకోవచ్చు. కంటిపాపను చదివే ఐరిస్ పరికరం ఉంటే అదీ వాడొచ్చు. కొవిడ్ కాలంలో, 2021లో, తెలంగాణ రేషన్ దుకాణాల్లో వేలిముద్ర బదులు ఐరిస్, ఫోన్‌కొచ్చే ఓటీపీతోనే సరుకులిచ్చారు. ఫోన్ నంబరు ఆధార్‌కు జతచేయించుకోవడానికి జనం కేంద్రాల ముందు బారులు తీరింది అప్పుడే.

పింఛనుదారులకూ దారి సులువైంది. 'నేను బతికే ఉన్నాను' అని ఏటా నిరూపించుకోవడానికి ఒకప్పుడు బ్యాంకు మెట్లెక్కాల్సిందే. 2014 నవంబరులో 'జీవన్ ప్రమాణ్' వచ్చాక వేలిముద్రతో పనైపోయింది. వేలు పడని పెద్దల కోసం 2021 నవంబరులో ముఖ గుర్తింపు కూడా చేర్చారు. ఇంట్లో కూర్చుని ఫోన్ కెమెరా ముందు కళ్లార్పితే చాలు. 2025లో తెలంగాణలో చేయూత పింఛన్ల పంపిణీకీ ముఖ గుర్తింపును తెచ్చారు. వేళ్లు అరిగిపోయినవాళ్లు పడుతున్న అవస్థే దీనికి ప్రధాన కారణం.

అయితే ముఖమైనా, కంటిపాప అయినా అదే మార్కుల లెక్క. శుక్లాలు ముదిరినా, కంటికి ఆపరేషన్ జరిగినా ఐరిస్ యంత్రం ఇబ్బంది పెట్టొచ్చు. వెలుతురు చాలకపోతే కెమెరా తికమకపడుతుంది. కాబట్టి ఏ ఒక్క తలుపునూ నమ్ముకోకుండా రెండు మూడు తెరిచి ఉంచుకోవడమే తెలివైన పని.

దొంగకూ వేలు దొరికింది

రాకపోతే ఒక బాధ, వేరేవాడు మన వేలితో లోపలికొస్తే ఇంకో బాధ. 2002లోనే జపాన్‌లోని యొకొహామాలో సుతోము మత్సుమోతో అనే పరిశోధకుడు జెల్లీ మిఠాయిల్లో వాడే జెలటిన్‌తో నకిలీ వేళ్లు తయారుచేసి అప్పటి సెన్సర్లను బోల్తా కొట్టించాడు. అది ప్రయోగశాల ముచ్చట. మన దగ్గర అది నేరుగా నేరమే అయింది. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఓ సిమ్ కార్డుల వ్యాపారి భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రల నుంచి రబ్బరు ముద్రలు చేసి, వేల సంఖ్యలో సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన ఉదంతం బయటపడింది. ఆ తర్వాత అలాంటి నకిలీ ముద్రలతోనే ఖాతాల్లోంచి డబ్బు లాగిన కేసులూ వచ్చాయి. దీంతో ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో గీతల గుర్తులతోపాటు వేలి బొమ్మనూ పరిశీలించి, అది సజీవమైన వేలో కాదో తేల్చే ఏర్పాటు చేసింది.

ఇక్కడే అసలు చిక్కు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. వేలు పోతే..? ఉన్నవి పదే!

అందుకే వాడనప్పుడు ఆధార్ బయోమెట్రిక్‌కు తాళం వేసుకునే సదుపాయం ఉంది. ఆధార్ వెబ్‌సైట్‌లో, యాప్‌లో నిమిషాల పని. రేషన్‌కో, బ్యాంకుకో వెళ్లేముందు మాత్రం తాళం తీయడం మరవకూడదు. లేదంటే మనవడు వేసిన తాళానికి నానమ్మ వరసలో నిలబడి వెనక్కి రావాల్సి వస్తుంది!

అదే వేలు... మరో యంత్రం

కొవిడ్ రోజుల్లో మన వేళ్లకు మరో యంత్రం అలవాటైంది. పల్స్ ఆక్సీమీటర్. అప్పటిదాకా ఆసుపత్రిలోనే కనిపించిన ఆ చిన్న క్లిప్పు ఇంటింటి మందుల డబ్బాలో చేరింది. 1974లో దీని సూత్రాన్ని కనిపెట్టింది జపాన్ ఇంజినీర్ తకువో అవోయాగి. వేలి గుండా ఎర్రకాంతిని, కంటికి కనపడని పరారుణ కాంతిని పంపుతుంది. ఆక్సిజన్ నిండిన రక్తం ఒక కాంతిని, ఆక్సిజన్ తగ్గిన రక్తం మరో కాంతిని ఎక్కువగా పీల్చుకుంటాయి. ఆ లెక్కే తెర మీది అంకె.

ఇదీ కచ్చితమైన దేవుడి మాటేం కాదు. వేళ్లు చల్లబడినా, చెయ్యి కదిలినా, గోళ్లకు ముదురు రంగున్నా అంకె తప్పొచ్చు. నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోయినా యంత్రం పసిగట్టలేకపోవడం తెల్లవారితో పోలిస్తే సుమారు మూడు రెట్లు ఎక్కువని 2020 డిసెంబరులో అమెరికా పరిశోధకులు తేల్చారు. చామనఛాయ ఎక్కువగా ఉండే మనకూ పట్టే విషయమే ఇది. అంకె 98 చూపిస్తున్నా మనిషి ఆయాసపడుతుంటే నమ్మాల్సింది మనిషినే!

కొనేముందు... పెట్టేముందు...

* తలుపుకు వేలిముద్ర తాళం కొంటున్నారా? మామూలు తాళంచెవితోనూ తెరుచుకునేదే తీసుకోండి. బ్యాటరీ అయిపోతే బయటి నుంచి కరెంటు అందించే వీలుందేమో అడగండి.

* ఫోన్‌లో ఒక్క వేలే కాదు, రెండు చేతుల వేళ్లూ నమోదు చేయండి. ఒక వేలికి గాయమైతే రెండోది ఆదుకుంటుంది.

* ఇంట్లో పెద్దవాళ్ల ఆధార్ ముద్రలు పాతవైతే నవీకరణ చేయించండి. ఏ వేలు బాగా పడుతోందో గుర్తుపెట్టుకుని ప్రతిసారీ అదే పెట్టించండి. పొడిబారిన వేలికి కాస్త నూనెగానీ క్రీముగానీ రాసి, తుడిచి పెడితే మేలు.

* పిల్లలకు అయిదేళ్లప్పుడు, పదిహేనేళ్లప్పుడు ఆధార్ ముద్రలు తప్పనిసరిగా నవీకరించాలి.

* ఆక్సీమీటర్ పెట్టేముందు అరచేతులు రుద్ది వెచ్చచేసుకుని, కాసేపు కదలకుండా కూర్చోవాలి. ప్రత్యేక సెన్సర్ లేని ఫోన్‌లో ఆక్సిజన్ కొలుస్తామనే యాప్‌లను నమ్మొద్దు.

ఇక రేషన్ దుకాణం ముందు నిలబడిన నానమ్మ దగ్గరికే వద్దాం. వచ్చే నెల ఆమె వెంట మనవడూ వెళ్తే సరిపోతుంది. కార్డులో అతని పేరూ ఉంది కదా, తన వేలు పెడితే నిమిషంలో పని. కానీ, ఆ ఇంట్లో మనవడే లేకపోతే? ఒంటరిగా ఉండే అవ్వ అయితే? ఆమె వేలి గీతలు ఊరికే పోలేదు. ఎన్నో ఇళ్ల గోడల్లో కలిసిపోయాయి. యంత్రానికి ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. యంత్రం వెనక కూర్చున్న మనిషికి తెలిస్తే చాలు. 'రేపు రా అవ్వా' అనేముందు, రెండో తలుపు తెరిచే అధికారం తనకుందని గుర్తొస్తే చాలు!