పడవ పక్కలకు రెండు బద్దలు

ఈ శీర్షిక కింద కుళాయి వాషర్లు అయిపోయినవి, మిద్దె కారుళ్ళు అయిపోయినవి, కుక్కరు రబ్బర్లు కూడా అయిపోయినవి. ఈ నెల పడవ సంగతి. బెంగుళూరులో కూర్చున్నవాడికి పడవతో పనేమిటని చదువరులు నవ్వవచ్చు. పని నాది కాదు, మా మేడ మీది వాటాలో అద్దెకున్న ఉప్పాడ కుర్రవాడిది. వైట్‌ఫీల్డులో కంప్యూటరు ఉద్యోగం చేసుకుంటూ మా వర్తూరులో కాపురం. తండ్రి ఇప్పటికీ సముద్రం మీద వేటకు పోతున్నాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. వేకువను బయలుదేరింది మొదలు మొహాన ఉప్పునీళ్ళు కొట్టి కొట్టి కళ్ళు ఎర్రబడుతున్నాయట. అన్నం డబ్బా తడుస్తుంది, ఇంజను మీద ఎన్ని గోనెలు కప్పినా తడుస్తుంది. వేట మానమంటే ఆయన మానడు. అంచేత జీతంలో మిగిల్చిన డబ్బుతో పడవ పక్కలకు స్ప్రే రెయిల్స్ వేయిద్దామని కుర్రవాడి ఆలోచన. నేను గుమాస్తాగా ఉన్నచోట ఫైబరు తొట్లు, పార్కుల్లో పిల్లలు తొక్కే పడవలు పోస్తారు గనుక నన్ను అడిగాడు.

స్ప్రే రెయిలంటే పెద్ద వస్తువేమీ కాదు. పడవ ముందుభాగాన, నీటిగీతకు కాస్త పైన, బయటి వైపు అంటించే సన్నని బద్ద. తుంపర బద్ద అందాం. అది చేసే పని మన ఇళ్ళలో అందరూ చూసినదే. మూతి లేని గిన్నెతో పాలు మెల్లగా ఒంపితే ధార కిందికి పడదు, గిన్నెను అంటిపెట్టుకుని అడుగుదాకా కారుతుంది. సన్‌షేడు మీద పడ్డ వాన కూడా అంతే, అంచు తిరిగి లోపలికి పాకి గోడ తడుపుతుంది. అందుకే తెలిసిన మేస్త్రీ సన్‌షేడు కింద, అంచుకు దగ్గరగా ఒక గాడి తీస్తాడు. నీళ్ళు అక్కడికి వచ్చి, దాటలేక, చుక్కలుగా రాలిపోతాయి. పడవ ముక్కు నీటిని చీల్చినప్పుడు నీళ్ళు పలుచని రేకులాగా పక్కను పట్టుకుని పైకి ఎగబాకుతాయి. అంచుదాకా వచ్చి విడిపోతే, ఎదురుగాలి వాటిని ఎత్తి లోపలున్నవాడి మొహాన కొడుతుంది. దారి మధ్యలో బద్ద ఉంటే ఆ రేకు అక్కడే విరిగి, బయటికి, కిందికి పడుతుంది. అంతే కిటుకు.

తుంపర మాట వచ్చింది గనుక మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 2015లో వర్తూరు చెరువు అలుగు దగ్గర, ఇక్కడివారు కోడి అంటారు, ఇళ్ళ మురుగుతో వచ్చిన సబ్బు రసాయనాలు నీళ్ళు దూకేచోట చిలికినట్లయి తెల్లని నురగ కొండలా లేచింది. గాలికి రోడ్డు మీద స్కూటరు వాళ్ళ మొహాన పడేది. రోడ్డు పక్కన వలలాంటి కంచెలు కట్టారు. నురగ లేచిన తరువాత ఆపడం ఎంత కష్టమో అప్పుడు అందరమూ చూశాం. బద్ద సుగుణం అదే, నీళ్ళు లేవకముందే తిప్పేస్తుంది. (మాటల్లో మాట: ఇక్కడి కన్నడంలో తెప్ప అంటే గుండ్రని బుట్ట పడవ, మన పుట్టి. మన తూర్పుతీరంలో తెప్ప అంటే దుంగలు కట్టినది. కుర్రవాడు మొదట్లో చేపల బజారులో ఈ మాట మీద చాలాసేపు వాదించాడట.)

మన పాతవాళ్ళు ఈ బద్దలు లేకుండానే గడిపారు గదా అంటారేమో. వారి పడవల తీరు వేరు. తెప్పలో నీళ్ళు దుంగల సందుల్లోంచి వచ్చి అవే పోతాయి, తోడే పని లేదు, తడవడం ఎలాగూ తప్పదు. మద్రాసులో రేవు కట్టకముందు ఓడల ప్రయాణికులను కెరటాలు దాటించిన మసూలా పడవలకు పలకలను కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టేవారు. కెరటం కొడితే ఒళ్ళంతా వంగేది, పక్కలు ఎత్తుగా ఉండేవి. తెడ్డు వేగానికి తుంపర ఎంత? ఇంజను పడవలు వచ్చాకనే ఈ బాధ. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాతం పథకం 1979లో మద్రాసు కేంద్రంగా మొదలై, ఇసుక మీదికి లాగగలిగే ఇంజను పడవల మీద చాలా ప్రయోగాలు చేసింది. 2004 డిసెంబరు 26 ఉప్పెన తరువాత ఫైబరు పడవలు తీరమంతా నిండాయి. తేలిక పడవ, వేగం ఎక్కువ, తడుపూ ఎక్కువే.

కుర్రవాడికి ఇంకొక ఆశ కూడా ఉంది. బద్దలు వేస్తే పడవ పైకి లేచి వేగం పెరుగుతుందని, ఆయిలు మిగులుతుందని. ఆ ఆశ నేను లెక్క కట్టి తీసేశాను. నీటిని తోసుకుంటూ పోయే పడవకు ఒక హద్దు ఉంది: నీటిగీత పొడవును అడుగుల్లో కొలిచి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వచ్చే నాట్లు. వీళ్ళ పడవకు నీటిగీత 25 అడుగులు. వర్గమూలం 5, హద్దు 6.7 నాట్లు, అంటే గంటకు సుమారు 12.4 కిలోమీటర్లు. ఆ చిన్న ఇంజను అంతకు మించి ఈడ్వదు. బద్దల వల్ల లేవడమనేది నీటి మీద జారుతూ పోయే వేగపు పడవల ముచ్చట. ఇక్కడ బద్ద నీళ్ళలో మునిగి ఉంటే అడ్డమే తప్ప లాభం లేదు. గాలి కెరటం తలను కోసి తెచ్చే తుంపరను కూడా ఏ బద్దా ఆపదు. ఆపేది పడవ తానుగా లేపే నీటినే. అంతమాత్రానికి డబ్బు పెట్టవచ్చా అంటే, కళ్ళకోసం గనుక పెట్టవచ్చునన్నాను.

తండ్రిగారు ఫోనులో ససేమిరా అన్నారు. “వల పీకేటప్పుడు దానికి తగులుకుంటాదండీ. పడవ ఇసక మీదకి లాగేటప్పుడు ఊడిపోద్ది. మావోడికి లెక్క తెలుసుగానీ సముద్రం తెలవదండీ” అన్నారు. ఈ అభ్యంతరం పుస్తకాలు చదివినవాడికి తట్టదు. ఆయన మాట పట్టుకునే కొలతలన్నీ మార్చాం. బద్ద పడవ పొడవునా వద్దు, ముందు మూడోవంతు చాలు, వల లాగేది అక్కడ కాదు. అడుగు వైపు సమంగా ఉండి, బయటి అంచు మాత్రం కత్తిరించినట్లు పదునుగా ఉండాలి. అంచు గుండ్రమైతే నీళ్ళు గిన్నె మీద పాలలాగా చుట్టుకుని మళ్ళీ ఎగబాకుతాయి. పైవైపు మాత్రం ఏటవాలు, తాడు పడినా జారిపోవాలి. వెడల్పు అంగుళంన్నర.

ఎక్కడ అంటించాలన్నదే అసలు చిక్కు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో వేట నిషేధం. పడవ ఒడ్డున ఆరి ఉండే రోజులవే, పనికి అనువు. కాని కొలతలకు పడవ నీళ్ళ మీద పరుగెత్తాలి. అందుకని కుర్రవాడు ఉగాది సెలవుకే వెళ్ళి, పక్కల మీద జానెడు జానెడు దూరాన నల్ల టేపు ముక్కలు నిలువుగా అంటించి, తండ్రితో వేటకు పోయి, నీళ్ళ రేకు ఏ ముక్క మీద ఎంత ఎత్తు ఎక్కుతున్నదో మైనపు పెన్సిలుతో గీసుకున్నాడు. వెళ్ళేటప్పుడొక గీత, చేపల బరువుతో తిరిగి వచ్చేటప్పుడొక గీత. రెండింటికీ నాలుగు వేళ్ళ తేడా వచ్చింది. ముక్కు దగ్గర ఎత్తుగా మొదలై వెనక్కి వచ్చేకొద్దీ దిగుతూ, బరువుతో ఉన్నప్పటి నీటిగీతకు మాత్రం పైనే ముగిసేలా నేను అట్టముక్క మీద గీసి ఇచ్చాను.

అంటించడంలో ఒక్క జాగ్రత్త చెబుతాను, ఇంట్లో ఫైబరు తొట్టి అతుకు వేసుకునేవారికీ పనికివస్తుంది. మెరిసే పైపూత మీద రెజిను పట్టదు. ఆ మెరుపు పోయి లోపలి పీచు కనిపించేదాకా గీకి, ఎసిటోనుతో తుడిచి, ఆరాక అంటించాలి. బోల్టులు వేయించవద్దన్నాను, ప్రతి చిల్లీ రేపటి కారుడే. లోపల టేకు బద్ద, పైన మూడు పొరల మ్యాటు. కొయ్య ఎక్కడా బయటికి కనపడరాదు, కనపడ్డచోట నీళ్ళు దూరి కుళ్ళుతుంది.

నిషేధం ఎత్తేసిన వారానికి తండ్రిగారే ఫోను చేశారు. వెళ్ళేటప్పుడు మొహం పొడిగానే ఉంటోందట. చేపలతో తిరిగి వచ్చేటప్పుడు బద్ద నీళ్ళకు దగ్గరై సగం పనే చేస్తోందట. కుర్రవాడు పైన ఇంకొక వరుస వేద్దామంటున్నాడు. తండ్రిగారు ఒప్పుకోలేదు. వచ్చే నిషేధంలో పడవ తిరగేసినప్పుడు, ఇసుకకు ఒరుసుకుని అంచు పదును పోయిందేమో చేత్తో తడిమి చూడమని, పోయి ఉంటే ముందు అంచును సరిచేసుకోమని ఇద్దరికీ చెప్పాను.